రక్షణ తేదీ లేదని బెంగపడకు

బుజ్జీ,

నువ్వు అడిగింది ఫోన్‌లో తేలే విషయం కాదు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

మీ హాస్టల్ ప్రేయర్ గ్రూపులో అందరూ సాక్ష్యం చెబుతూ, అంటే దేవుడు తమకు చేసింది నలుగురిలో పంచుకుంటూ, ‘ఫలానా రోజున రక్షణ పొందాను, పాపం నుంచి విడుదలై దేవుడి మనిషినయ్యాను’ అంటుంటే, నీకు చెప్పుకోవడానికి తేదీ లేదని టెన్షన్ పడుతున్నావు. బాప్తిస్మం తీసుకున్న తేదీ ఉంది. కానీ ఆ ముందు రోజు దాకా నువ్వు దేవుణ్ణి ఎరగనిదానివేం కాదు కదా! తేదీ ఉన్నవాళ్లను నేను తక్కువ చేయను. తాగుడు మాని ఇల్లు నిలబెట్టుకున్నవాళ్ల సాక్ష్యాలు మన మందిరంలో నువ్వూ విన్నావు. కాకపోతే రక్షణను ఒక రసీదులా దాచుకుని, చివర్లో గేటు దగ్గర చూపిస్తే చాలు అనుకుంటే, మన బైబిల్లో ముప్పాతిక భాగం మనకు అంతుపట్టదు. ఆ ముప్పాతికే యూదుల లేఖనాలు, మనం పాత నిబంధన అని చదువుకునేవి.

వాటిలో రక్షణ అనే మాట ఎక్కడెక్కడ వస్తుందో గమనించు. ఐగుప్తు (ఈజిప్టు) బానిసత్వంలోంచి బయల్దేరాక, వెనక అక్కడి రాజు ఫరో రథాలు తరుముకొస్తుంటే ముందు సముద్రం అడ్డుగా ఉన్న ఇశ్రాయేలీయుల దగ్గర. పిల్లల్లేరని సవతి చేత మాటలు పడి పడి, చివరికి సమూయేలును ఎత్తుకున్న హన్నా పాటలో. చేప కడుపులో యోనా ప్రార్థనలో. దానియేలు 12వ అధ్యాయంలో మట్టిలో నిద్రించేవాళ్లు మేలుకుంటారని ఉంది గానీ, చచ్చాక ఏమవుతాం అన్న ప్రశ్న ఆ పుస్తకాల్లో తక్కువే. ఎక్కువచోట్ల రక్షణ అంటే ఈ నేలమీదే, ఊపిరాడని ఇరుకులోంచి బయటికి లాగడం. లాగి ఎక్కడికి చేర్చాడు అన్నది మాత్రం మనం పెద్దగా అడగం. ఐగుప్తులోంచి, దేవుడు ఇస్తానన్న కనాను దేశంలోకి అని సండే స్కూల్ పిల్లలు కూడా చెప్పేస్తారు. ఆ ప్రయాణం కథ చెప్పే నిర్గమకాండంలో, 19వ అధ్యాయంలో దేవుడు చెప్పింది వేరు. గద్ద రెక్కలమీద మిమ్మల్ని మోసుకొచ్చి ‘నా దగ్గరకు’ చేర్చుకున్నాను అన్నాడు.

నిర్గమకాండంలో 40 అధ్యాయాలున్నాయి. సముద్రం దాటడం 14లోనే అయిపోతుంది, 15లో పాట కూడా పాడేశారు. సినిమా అయితే అక్కడితో శుభం కార్డు పడేది. మరి మిగతా 25 అధ్యాయాలు ఎందుకు? వాటిలో సగానికి సగం దేవుడి ఆరాధన కోసం కట్టిన గుడారం కొలతలే. తుమ్మకర్ర పలకలు, వెండి దిమ్మలు, తెరలు, కొలుకులు. ఏడాదిలో బైబిలంతా చదవాలని జనవరిలో మొదలుపెట్టినవాళ్లలో చాలామంది ఇక్కడే ఆగిపోతారు, పాపం వాళ్ల తప్పు కాదులే. ఆ కొలతల మధ్యలో, 29వ అధ్యాయం చివర, ఒక మాట ఉంది. తాను వాళ్ల మధ్య నివసించడానికే వాళ్లను ఐగుప్తులోంచి బయటికి తెచ్చానని దేవుడు అంటాడు. విడిపించింది కలిసి ఉండడానికి. అందుకే ఆ పుస్తకం సముద్రం దగ్గర ఆగదు, 40వ అధ్యాయంలో ఆయన మహిమ గుడారాన్ని నింపాకే ముగుస్తుంది.

మధ్యలో దూడ సంగతి జరిగింది. వాళ్లను నడిపిస్తున్న మోషే కొండమీద దేవుడి దగ్గర ఉండగానే ఇశ్రాయేలీయులు కింద బంగారు దూడను చేసుకుని ఆడిపాడారు. ఆ తర్వాత 33వ అధ్యాయం మొదట్లో దేవుడు అన్నది నువ్వు నిదానంగా చదవాలి. పాలు తేనెలు ప్రవహించే దేశానికి వెళ్లండి, ముందు దూతను పంపుతాను, శత్రువులను వెళ్లగొడతాను, నేను మాత్రం మీతో రాను అన్నాడు. ఆలోచించు, అడిగినవన్నీ ఇస్తున్నాడు! స్వేచ్ఛ వచ్చేసింది, భూమి ఇస్తున్నాడు, గెలుపు ఖాయం. ఆయన ఒక్కడు తప్ప అన్నీ ఉన్నాయి. మన ప్రార్థనల్లో చాలావాటికి ఇదే సరైన జవాబుగా తోస్తుంది, నిజం చెప్పాలంటే. కానీ జనం ఆ మాట విని ఏడ్చారు, నగలు తీసేశారు. నీ సన్నిధి రాకపోతే మమ్మల్ని ఇక్కడి నుంచి తీసుకెళ్లనే వద్దు అన్నాడు మోషే. నాకు తెలిసి రక్షణ అంటే ఏమిటో ఇంతకంటే సూటిగా చెప్పిన చోటు లేదు. రక్షించినవాడు వెంట లేని రక్షణ వాళ్లకు అక్కర్లేదు.

ఇంకో విచిత్రం చూడు. వీళ్లు లోబడని జనం కాబట్టి రాను అన్నాడు దేవుడు 33లో. 34కి వచ్చేసరికి, వీళ్లు లోబడని జనమే, అందుకే నువ్వు మాతో రావాలి అంటాడు మోషే. అదే కారణం, అటుదాన్ని ఇటు తిప్పాడు. అంత చనువుగా అడగగలిగాడంటే, స్నేహితుడితో మాట్లాడినట్టు యెహోవా అతనితో ముఖాముఖిగా మాట్లాడేవాడని అంతకు ముందే రాసి ఉంది.

పాత నిబంధనలో ఆజ్ఞలు పాటించి రక్షణ సంపాదించుకోవాలి, మనకు మాత్రం కృప ఉంది అని కొందరు తేలిగ్గా అనేస్తారు. నువ్వు ఆ మాట పట్టుకోకు. ఆజ్ఞలు వచ్చింది 20వ అధ్యాయంలో, అప్పటికి సముద్రం దాటేశారు. ‘దాసుల గృహంలోంచి నిన్ను బయటికి తెచ్చిన నీ దేవుణ్ణి నేనే’ అన్న తర్వాతే ఏది చేయాలో, ఏది చేయకూడదో మొదలైంది. యూదులు పది ఆజ్ఞలను లెక్కపెట్టేటప్పుడు ఆ వాక్యాన్నే మొదటిదిగా లెక్కపెడతారు. అంతకంటే ముందు, 4వ అధ్యాయంలోనే, ఇంకా ఇటుకలు చేస్తున్న బానిసలను చూపించి ‘ఇశ్రాయేలు నా జ్యేష్ఠపుత్రుడు’ అని ఫరోకు కబురు పంపాడు. బంధం ముందే ఉంది, విడుదల దాన్నిబట్టి వచ్చింది.

ఇక నీ తేదీ సంగతి. ద్వితీయోపదేశకాండం 26లో, కనానులో పంట పండించుకున్న రైతు ప్రథమ ఫలాల గంప తెచ్చి చెప్పాల్సిన మాటలున్నాయి. ఐగుప్తీయులు ‘మమ్మల్ని’ బాధపెట్టారు, యెహోవా ‘మమ్మల్ని’ బయటికి తెచ్చాడు అంటాడు అతను. ఐగుప్తు మొహం చూసినవాడు కాదు. ఎన్నో తరాల తర్వాత పుట్టినవాడైనా ఆ మాటే చెప్పాలి, వాళ్లను అని కాదు, మమ్మల్ని అనే. ఆ విడుదలను గుర్తుచేసుకునే పస్కా పండుగలో కొడుక్కి చెప్పేటప్పుడు తండ్రి కూడా యెహోవా ‘నాకు’ చేసినదాన్నిబట్టి అనే చెప్పాలని నిర్గమకాండం 13లో ఉంది. విశ్వాసుల ఇంట్లో పుట్టి, పాలతో పాటు ప్రార్థన నేర్చుకున్నవాళ్లకు ఆ ‘మమ్మల్ని’లో చోటు ఉంది. మీ నాన్నకూ తేదీ లేదు, ఎప్పుడూ చెప్పలేదేమో నీకు.

అలాగని పుట్టుకతో అంతా సరిపోయిందని కాదు. బంధం అన్నాక తెగేదాకా లాగవచ్చు కూడా. దావీదు తప్పు చేశాక 51వ కీర్తనలో రెండు భయాలు పక్కపక్కనే కనిపిస్తాయి. నీ సన్నిధిలోంచి నన్ను తోసేయకు అంటాడు, వెంటనే నీ రక్షణానందం నాకు మళ్లీ ఇవ్వు అంటాడు. అతనికి అవి రెండు వేర్వేరు సంగతులు కావు.

కాబట్టి మీ గ్రూపులో మళ్లీ అడిగితే తేదీ వెతుక్కోకు. ఆయనతో ఇప్పుడు ఎలా ఉన్నావో అది చెప్పు. ఈ మధ్య ప్రార్థన చేయబుద్ధి కావడం లేదన్నావే, అదీ చెప్పు, సాక్ష్యంలో అది చెప్పకూడదని ఎవరూ రాయలేదు. ముందు మాత్రం నిర్గమకాండం 32 నుంచి 34 దాకా ఒకేసారి కూర్చుని చదువు. ఆ తర్వాత 73వ కీర్తన. ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఏం తోచిందో చెప్పు, మీ నాన్న కూడా లైన్లో ఉంటారు.

వందనాలతో,
అమ్మ