‘తీసుకొనబడును’ అంటే ఎవరికి భయం?

సంపాదకుల వారికి,

పోయిన ఆదివారం మీ పత్రికలో వచ్చిన వార్త గురించి నాలుగు రోజులు ఊరుకుందామనే చూశాను, కుదరలేదు. అందులో, ఒక సభలో మాట్లాడిన పెద్దాయన ఏమన్నారో అందరూ చదివే ఉంటారు. అలంకారాలన్నీ పాతకాలం సరుకట, కవులకు తప్ప ఈ కాలం రాతకు పనికిరావట, విషయం సూటిగా చెబితే చాలట. మీరేమో దాన్ని ఫొటోతో సహా మూడు కాలమ్‌లు వేశారు.

ముప్పై ఏళ్లకు పైగా తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. ఆయన మెచ్చే సూటి రాత మా వీధి మలుపులోనే ఉంది, వచ్చి చూడమనండి. నీలం రంగు రేకు బోర్డు: "ఇచ్చట చెత్త వేయరాదు. అతిక్రమించిన వారిపై చట్టరీత్యా కఠిన చర్యలు తీసుకొనబడును." ఎవరు తీసుకుంటారో, ఎప్పుడు తీసుకుంటారో ఆ ‘బడును’కే తెలియాలి. బోర్డు కాళ్ల దగ్గరే కొబ్బరి బోండాలు, డైపర్లు, ఎవరిదో ఫంక్షన్ తాలూకు ఎంగిలి విస్తళ్లు. విసిగిపోయి పక్కనున్న కిరాణా కొట్టాయన వెనక గోడ మీద ఎర్ర పెయింటుతో ఒక్క ముక్క రాశాడు: "మీ వాకిట్ల గిట్లనే పోసుకుంటరా?" చెత్త పూర్తిగా ఆగిందని అబద్ధం చెప్పను గానీ, కవరు పట్టుకొచ్చినవాళ్లు అది చదివి, అటూ ఇటూ చూసి, కవరుతోనే వెనక్కి పోవడం మా బాల్కనీలోంచి నా కళ్లతో చూశాను.

దీన్నే మన లాక్షణికులు, అంటే కావ్యాలకు లక్షణాలు చెప్పిన పండితులు, కాకువు అన్నారు. అడిగినట్టే ఉంటుంది, జవాబు మాత్రం అడిగినవాడి గొంతులోనే ఉంటుంది. కొట్టాయనకు ఆ పేరు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

అసలు అలంకారం లేకుండా ఈ ఊళ్లో ఎవరైనా నోరు విప్పుతున్నారా? "మా అమ్మ చేసిన పప్పే పప్పు" అంటాం. మొదటి పప్పు వంటకం, రెండోది దానికిచ్చిన కితాబు. అర్థం అదే, తాత్పర్యం వేరు. లాటానుప్రాస అంటే ఇదే, పోతన "కమలాక్షు నర్చించు కరములు కరములు" అన్నదీ ఇదే. మాటల మధ్యలో ఒక సామెత విసిరామంటే చాలాసార్లు అది అర్థాంతరన్యాసమే, మన ఒక్కరి గోడును లోకం మాటతో గట్టి చేసుకోవడం. అప్పుడు అవతలివాడు మనతో కాదు, తాతల నాటి నుంచి వస్తున్న మాటతో వాదించుకోవాలి.

తప్పు మా టీచర్లదీ ఉంది, ఒప్పుకుంటాను. "కింది వాక్యంలోని అలంకారాన్ని గుర్తించండి" అని మార్కు కోసం అడగడమే గానీ, ఒక్కటి సొంతంగా వాడి రాయమని ఏనాడూ అడగలేదు. హనుమంతుడు సముద్రాన్ని దాటెను, మహాత్ములకు సాధ్యం కానిది లేదు కదా! అర్థాంతరన్యాసానికి ఈ ఒక్క ఉదాహరణతోనే ఎన్ని బ్యాచులను పరీక్ష గట్టెక్కించానో. పాపం ఆ హనుమంతుడు ఇప్పటికీ దాటుతూనే ఉన్నాడు.

మీ పత్రికలూ తక్కువ తినలేదు లెండి. "లారీ రూపంలో మృత్యువు కబళించింది" అని మొదట రాసిన విలేకరికి దండం పెట్టొచ్చు, కానీ రోజూ అదే రాస్తే చదివేవాడికి లారీ కనపడదు, పోయిన మనిషీ కనపడడు. ఇక ఫ్లెక్సీల సంగతి చెప్పనే అక్కర్లేదు. మోరీకి మూత వేయించినాయన కూడా అపర భగీరథుడే, ఆ మూత వానాకాలం దాకా ఉంటే గొప్ప. పెద్దాయనకు విసుగు పుట్టింది వీటిని చూసే అయితే ఆ మాటే చెప్పాల్సింది. కూరలో ఉప్పెక్కువైందని ఇంట్లో ఉప్పు డబ్బా పారేస్తామా? (చూశారా, నేనూ కాకువే వాడాను.)

ఇంతకీ మా గోడ సంగతి. మొన్న మంగళవారం మున్సిపల్ సిబ్బంది వచ్చి, గోడ పాడుచేశారంటూ కొట్టాయన రాత మీద సున్నం కొట్టి, వాళ్ల బోర్డును మాత్రం శుభ్రంగా తుడిచి వెళ్లారు. బుధవారం పొద్దున్నకల్లా బోండాలు మళ్లీ వచ్చేశాయి. కొట్టాయన పెయింటు డబ్బా కౌంటర్ కిందే పెట్టుకున్నాడు, "మేడమ్, గీసారి ప్రాస కుదిరేటట్టు ఒకటి చెప్పుండ్రి" అని నన్ను అడుగుతున్నాడు.

ఒక విశ్రాంత తెలుగు టీచర్,
నల్లకుంట, హైదరాబాద్