ఈ నెల సరదాగా చదువుకునేవే

అందరికీ నమస్కారం. మన పుస్తకాల బృందంలో ఈ నెల బరువైన పుస్తకాలు వద్దనుకున్నాం కదా, నా వంతు పేర్లు ముందే చెప్పేస్తున్నా. మొక్కపాటి వారి 'బారిస్టర్ పార్వతీశం'. మొత్తం 3 భాగాలు. మొగల్తూరు నుంచి ఇంగ్లండు బయల్దేరే మొదటి భాగంతో మొదలుపెట్టండి. బస్సులో మాత్రం వద్దు, నవ్వాపుకోలేక అవస్థపడతారు!

తర్వాత ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు'. నెల్లూరు యాసలో చిన్ననాటి ముచ్చట్లు, అన్నీ చిన్న కథలే. నామిని 'పచ్చనాకు సాక్షిగా' కూడా ఆ తోవలోదే, కాకపోతే చిత్తూరు పల్లెమాట. ఈ యాసలకు కొత్తవాళ్లు పైకి చదివితే త్వరగా అర్థమవుతుంది.

మీరూ తలా ఒక పేరు పెట్టండి, ఎందుకు నచ్చిందో ఓ ముక్క రాయండి. పీడీఎఫ్‌లు మాత్రం ఇక్కడ వేయొద్దు. నా ప్రతులు అడిగితే ఇస్తా, తిరిగివ్వాలి సుమా!