అమ్మా, ఆ డబ్బాల సంగతి

లీడ్స్, ఇంగ్లండ్,
ఫిబ్రవరి 8.

అమ్మకు నమస్కారములు.

ఇక్కడ నేను క్షేమంగా ఉన్నాను. నాయనకు మోకాలి నొప్పి తగ్గిందని, జేజి చేతికర్ర పట్టుకుని మళ్లీ పంచ వరకు నడుస్తోందని అక్క చెప్పిన తర్వాత నా మనసు కుదుటపడింది. ఆసుపత్రిలో పని ఎప్పటిలాగే ఉంది. ఈ నెల రాత్రి డ్యూటీలు తక్కువ పడ్డాయి.

మొన్న వీడియో కాల్‌లో అక్క నా గదిలోని పురుగుల డబ్బాలు చూసి నీకు చెప్పడం, నువ్వు "పరాయి దేశం పోయి పురుగులు తింటున్నావా తల్లీ" అని కన్నీళ్లు పెట్టుకుని ఫోన్ పెట్టేయడం తలుచుకుంటే రెండు రోజులుగా నాకు అన్నం సహించడం లేదు. నేను వాటిని తినడం లేదమ్మా. యూరప్ దేశాల సమాఖ్య 2021లో ఎండబెట్టిన ఈ పురుగులను మనుషుల ఆహారంగా అనుమతించిన మాట నిజమే, అక్క చదివింది అదే అయి ఉంటుంది. నేను పెంచుతున్నది మాత్రం పిట్టల కోసం.

కిందటేడాది చలికాలంలో సాయంత్రం నాలుగు కాకముందే చీకటి పడిపోతూ, గదిలో పలకరించే మనిషి లేక నేను బాగా దిగులుపడి ఉన్న రోజుల్లో, వంటింటి కిటికీ దగ్గరకు ఒక రాబిన్ పిట్ట రావడం మొదలుపెట్టింది. పిచ్చుకంత ఉంటుంది, ముఖం నుంచి రొమ్ము దాకా ఇటుకరంగు పూసినట్లు ఉంటుంది. మిగతా పిట్టలు నోరు మూసుకున్న చలిలో కూడా అది పాడుతుంది, వీధి దీపం వెలుగుంటే రాత్రిపూట కూడా పాడుతుంది. రాత్రి డ్యూటీ ముగించుకుని ఇంకా తెల్లవారకముందే ఇంటికి నడిచి వచ్చేటప్పుడు ఆ గొంతు వినపడితే, గేటు దగ్గర ఎవరో నాకోసం మేలుకుని ఉన్నట్లు ఉంటుంది. పక్కింటి ముసలమ్మ ఒకరోజు నా చేతిలో గుప్పెడు పురుగులు పోసి గోడ మీద పెట్టమంది. అది వచ్చి, నేను రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నా బెదరకుండా ఏరుకుని తిన్నది. కొనాలంటే ధర ఎక్కువ కాబట్టి నేనే పెంచడం మొదలుపెట్టాను.

వీటిని ఇక్కడ మీల్‌వార్మ్ అంటారు. మన ఇంట్లో పిండిలో పడే ఎర్రపురుగుకు దగ్గరి చుట్టమే గాని దానికంటే చాలా పెద్దది, పసుపుపచ్చగా, అంగుళం పొడవు వరకు పెరుగుతుంది. నువ్వు పట్టుపురుగులు మేపిన దానివి కాబట్టి నీకు రెండు ముక్కల్లో చెబితే అర్థమవుతుంది. పట్టుపురుగు నాలుగు జ్వరాల్లో నాలుగుసార్లు కుబుసం విడిస్తే, ఇది పది పదిహేనుసార్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ సార్లు కుబుసం విడుస్తుంది. అప్పుడే కుబుసం విడిచిన పురుగు పాలమీగడలా తెల్లగా, మెత్తగా ఉంటుంది, విడిచిన పొర వేరుశనగ గింజ మీది పొట్టులా తేలికై ఊదితే ఎగిరిపోతుంది. గూడు మాత్రం అల్లుకోదు. ఏ దాపూ లేకుండా తవుడు మీదనే ప్యూపాగా మారి, తిండీ తిప్పలూ మాని, తాకితే నడుము విదిలిస్తూ వారం నుంచి రెండు మూడు వారాలు పడుకుంటుంది. దానిలోంచి వచ్చే పెంకుపురుగు మొదట తెల్లగా ఉండి, తర్వాత తేనెరంగుకు, చివరికి నల్లగా తిరుగుతుంది. రెండు మూడు నెలలు బతికి, ఆడది కొన్ని వందల గుడ్లు పెట్టి పోతుంది.

పండిన పట్టుపురుగులను గూడు అల్లుకోవడానికి నువ్వు చంద్రికల తట్టల మీదికి ఏరి వేసినట్లే నేనూ ప్యూపాలను ఏరి వేరే డబ్బాలో వేస్తాను, ఎందుకంటే కదలలేని వాటిని పురుగులూ పెంకుపురుగులూ కూడా కొరికి తినేస్తాయి. గుడ్లనూ వదలవు. అందుకని రెండు వారాలకొకసారి పెంకుపురుగులను కొత్త గోధుమ తవుడులోకి మార్చి, పాత తవుడును గుడ్లతో సహా పక్కన పెడతాను. ఆ గుడ్లు కంటికి ఆనవు, బంకగా ఉండి వాటికి తవుడు అంటుకుని ఉంటుంది. ఏమీ లేదనుకుని పారేస్తే ఒక తరమంతా పోతుంది. మొదట్లో నేను అలాగే పోగొట్టుకున్నాను.

అంతకంటే పెద్ద తప్పు నవంబరులో జరిగింది, అది నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను. వారం రోజులు వరుసగా రాత్రి డ్యూటీలు పడ్డాయి. ఆకలితో ఉంటాయేమోనని ఆలుగడ్డ, క్యారెట్, కీరకాయ ముక్కలు దండిగా వేసి, మూత బిగించి వెళ్లిపోయాను. వాటికి నీళ్లు వేరుగా పెట్టకూడదు, ఆ ముక్కల్లోని తడే చాలు, అది కూడా మరుసటి రోజుకు తీసేయాలి. వారం తర్వాత మూత తీస్తే లోపలివైపు చెమట పట్టి చుక్కలు వేలాడుతున్నాయి, తవుడు గడ్డకట్టి బూజు పట్టింది, డబ్బా అంచుల వెంట దుమ్ము లాంటిది సన్నగా కదులుతోంది. వేలితో తాకి చూస్తే దుమ్ము కాదు, నల్లికంటే సూక్ష్మమైన పురుగు. అయిదారు వందల్లో నూరు మిగిలి ఉంటాయి.

ఆ డబ్బా ముందు కూర్చున్నప్పుడు, నా ఎనిమిదో తరగతిలో మన పట్టుపురుగుల రెండో పంట మొత్తం సున్నపుకట్టు రోగం వచ్చి పోయిన ముసురు రోజులు గుర్తుకొచ్చాయి. పురుగులు సుద్దముక్కల్లా గట్టిపడితే నాయన గుంత తవ్వి సున్నం చల్లి పూడ్చిపెట్టాడు, నువ్వు ఆ రాత్రి పొయ్యి వెలిగించలేదు. అంతకుముందు నాలుగు రోజులూ నువ్వు మల్బరీ ఆకును ఒక్కొక్కటిగా పాత చీరముక్కతో తుడిచి ఆరబెడుతూ, "తడి ఆకు వేసేకంటే ఒక పూట పస్తు పెట్టేది మేలు" అని నాకు చెబుతూనే ఉన్నావు. ఆ మాట విని పెరిగిన దాన్ని నేను ఇంత తడి ఎట్లా వేశానో తెలియదు.

ఆరోగ్యంగా ఉన్నవి ఏరి తీసి, తవుడంతా సంచిలో కట్టి పారేసి, డబ్బాలు కడిగి బాగా ఎండబెట్టాను. కొత్త తవుడును ముందుగా కొన్ని రోజులు ఫ్రీజర్‌లో పెట్టి, తీసి ఆరబెట్టాకే వాడుతున్నాను. మూత బదులు నా పాత చున్నీ కట్టాను. డబ్బా గోడలు నున్నగా ఉంటే ఇవి ఎక్కి రాలేవు, పెంకుపురుగులకు రెక్కలున్నా ఎగిరి పోవడం అరుదు. నీళ్లు కాగే ట్యాంకు ఉన్న అలమరలో 26 డిగ్రీలు ఉంటుంది, అక్కడ పెట్టిన తర్వాత తొందరగా పెరుగుతున్నాయి. గదిలో చలికి ఉన్నప్పుడు నెలల తరబడి అలాగే ఉండిపోయేవి.

దగ్గు గురించి నువ్వు అడిగావు. తవుడులోంచి ఆ పురుగుల పెంట జల్లించేటప్పుడు లేచే దుమ్ము కొందరికి పడదు కాబట్టి నేను పెరట్లో, మాస్కు కట్టుకునే జల్లిస్తాను. నా దగ్గు జలుబు వల్ల వచ్చింది, తగ్గింది కూడా. జల్లించిన పెంటను కిటికీలో ఉన్న కరివేపాకు కుండీకి వేస్తున్నాను, ఇప్పుడు దానికి కొత్త చిగురు వచ్చింది.

పెండ్లి సంబంధం వాళ్లకు తెలిస్తే ఏమనుకుంటారని కూడా అన్నావట. పట్టుపురుగుల డబ్బుతో చదువుకున్న పిల్ల పురుగులు పెంచితే తప్పుపట్టేవాళ్ల ఇంటికి నేను వెళ్లలేనమ్మా. నీకు కోపం రాకూడదని వేడుకుంటున్నాను.

నాయన మన నాటుకోళ్లకు వీటిని మేపవచ్చా అని అడిగాడు. కోళ్లు ఇష్టంగా తింటాయి. అయితే ఏప్రిల్, మే నెలల్లో మన అనంతపురం ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు రేకుల కింద ఇవి బతకవు. పట్టుపురుగుల గది ఖాళీగానే ఉంది కాబట్టి అక్కడ తడి గోనెపట్టాలు కట్టి, చీమలు ఎక్కకుండా స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టాలి, మనం అప్పుడు పెట్టినట్లే. తప్పించుకుంటే నిలవ గింజలకు పట్టే పురుగు ఇది, అందువల్ల రాగులు, జొన్నలు, వేరుశనగకాయలు ఉన్న గదికి దూరంగా ఉంచమని చెప్పు. ముందు ఒకే డబ్బాతో చూడమను.

నువ్వు పట్టుపురుగుల గది తలుపు బయట నిలబడి, చెవి పెట్టి విని, ఆకు అయిపోయిందని చెప్పేదానివి కదా. నా డబ్బాల్లో కూడా తవుడు కింద ఒక సన్నని గరగర ఉంటుంది. పడుకునే ముందు దగ్గరికి వెళ్లి వింటాను. నిన్న రాత్రి బాగా వినిపించింది.

బావ మార్చిలో వచ్చేటప్పుడు అటక మీద ఉన్న సన్నకన్ను జల్లెడ పంపించు. పెద్దది వద్దు, జేజి పసుపు జల్లించేదానికి వాడేది చాలు. జేజిని అడిగే పంపించు.

ఇట్లు,
నీ చిన్న కూతురు