గర్భిణికి జ్వరమొస్తే మొదటి రెండు రోజులే కీలకం: ఆరోగ్య శాఖ మంత్రి గారికి శ్రీకాకుళం నుంచి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

లూపస్, కీళ్లవాతం లాంటి ఆటోఇమ్యూన్ జబ్బులున్న (శరీర రక్షణ వ్యవస్థే సొంత ఒంటి మీద దాడి చేసే జబ్బులు) ఆడపిల్లలకు ఒకప్పుడు పెళ్లే వద్దనేవారు. ఇప్పుడు అలా కాదు. జబ్బు కనీసం ఆరు నెలలు అదుపులో ఉన్నాక, సరైన మందులు వాడుతూ గర్భం దాలిస్తే చాలామంది క్షేమంగానే కంటున్నారు. ఆ క్షేమాన్ని ఒక్క ఫ్లూ జ్వరం తలకిందులు చేయగలదు. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం పెద్దాసుపత్రికి 100 కిలోమీటర్లకు పైనే, అక్కడి నుంచి విశాఖ కేజీహెచ్‌కు మరో 100 పైన. స్పెషలిస్టు దగ్గరికి చేరేలోపు జరిగేదంతా ఆశా, ఏఎన్ఎం, పీహెచ్‌సీ డాక్టరు, 108 సిబ్బంది చేతుల్లోనే ఉంటుంది. వాళ్లకు ఏం కావాలో మీకు చెప్పడానికే ఈ లేఖ.

నెలలు నిండేకొద్దీ గర్భసంచి పైకి ఎదిగి, ఊపిరితిత్తుల కిందుండే కండరం డయాఫ్రమ్‌ను నెడుతుంది. ఊపిరితిత్తుల్లో నిల్వ ఉండే గాలి తగ్గుతుంది, ఆక్సిజన్ అవసరం మాత్రం పెరుగుతుంది. అందుకే ఇంట్లో మిగతావాళ్లు తట్టుకున్న జలుబు, దగ్గు ఏడో నెల గర్భిణిని రెండు మూడు రోజుల్లో న్యుమోనియాలోకి దింపగలవు. పైగా స్టెరాయిడ్ వాడేవాళ్లకు జ్వరం పైకి సరిగ్గా కనిపించదు. 99 డిగ్రీలేగా అని ఇంటికి పంపిన మనిషికి లోపల ఊపిరితిత్తులు చెడుతూ ఉండొచ్చు.

మొట్టమొదట జరిగే తప్పు మందులు మానేయడం. కడుపుతో ఉండగా అన్నేసి మాత్రలెందుకని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు, జ్వరం తగ్గేదాకా ఆపమని మందుల షాపులో చెబుతారు. లూపస్‌ను అదుపులో ఉంచే హైడ్రాక్సీక్లోరోక్విన్ గర్భంలోనూ ఆపకూడదు, వైరల్ జ్వరంలోనూ ఆపకూడదు. ఒంటి బరువులో కిలోకు రోజుకు 5 మిల్లీగ్రాములు మించకుండా, సాధారణంగా 200 నుంచి 400 దాకా వాడతారు. మానేస్తే లూపస్ తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుంది. అది తిరగబెట్టిందా, ఇన్ఫెక్షన్ ముదిరిందా, గుర్రపువాతానికి దారితీసే బీపీ మొదలైందా అని తేల్చుకోవడం పెద్ద డాక్టర్లకే కష్టం. 2020లో కోవిడ్‌కు పనిచేస్తుందన్న ఆశతో జనం ఈ మాత్రలు ఎగబడి కొన్నారు. దాని మీదే బతికే లూపస్ రోగులు షాపుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. అలాంటి రోజు మళ్లీ రాకుండా వీళ్ల పేరు మీద పీహెచ్‌సీలో నెలకు సరిపడా మాత్రలు ముందే నిల్వ ఉండాలి.

ఈ జబ్బులకే వాడే మెథోట్రెక్సేట్, మైకోఫినోలేట్, లెఫ్లునమైడ్ గర్భానికి ముందే ఆపాల్సినవి. ఇవి చీటీలో కనిపిస్తే ఏఎన్ఎం ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. అజథయోప్రిన్ గర్భంలో వాడొచ్చు, ఇన్ఫెక్షన్ తీవ్రమైతే కొన్నాళ్లు ఆపాలా వద్దా అన్నది స్పెషలిస్టు ఫోన్లోనైనా చెప్పాలి.

స్టెరాయిడ్ సంగతి మీరు ప్రత్యేకంగా పట్టించుకోవాలి. ప్రెడ్నిసొలోన్ రోజుకు 5 మిల్లీగ్రాములు గానీ అంతకుమించి గానీ నెలకు పైగా వాడితే కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథులు తమ పని తగ్గించుకుంటాయి. జ్వరం వచ్చినప్పుడు శరీరానికి అదనంగా కావాల్సిన కార్టిసాల్ హార్మోన్‌ను అవి ఇవ్వలేవు. అప్పుడు మాత్ర మానేసినా, వేసిన మాత్ర వాంతిలో పోయినా బీపీ పడిపోతుంది, షుగర్ పడిపోతుంది, మనిషి మగతలోకి జారుతుంది. చూసేవాళ్లకు అది వేవిళ్లలా, నీరసంలా అనిపిస్తుంది. ఒక సెలైన్ ఎక్కించి ఇంటికి పంపేస్తారు. ప్రాణం పోయేది ఇక్కడే.

చేయాల్సింది తేలికే. 5 మిల్లీగ్రాములు వాడే మనిషి జ్వరం ఉన్నన్నాళ్లూ 10 వేసుకోవాలి, రెండు పూటలుగా. ఇప్పటికే ఎక్కువ డోసులో ఉన్నవాళ్లకు ఎంతన్నది డాక్టరు చెప్పాలి. మాత్ర వేసిన అరగంటలోపు వాంతి అయితే మళ్లీ వేయాలి. అదీ నిలవకపోతే ఆలస్యం చేయకుండా హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాములు కండకో నరానికో ఇచ్చి, నార్మల్ సెలైన్ పెట్టి, ఆరు గంటలకోసారి 50 చొప్పున కొనసాగిస్తూ పెద్దాసుపత్రికి పంపాలి. ఈ మందు పొడి రూపంలో వస్తుంది, ఫ్రిజ్ కూడా అక్కర్లేదు. ఒక్కో డోసుకు ఒక్కో వయల్ విప్పి, మిగిలింది పారేసినా మొదటి రోజుకు 4 వయల్స్ చాలు. ప్రతి పీహెచ్‌సీలో, ప్రతి 108లో ఆ నాలుగూ ఎప్పుడూ ఉండాలని ఆదేశం ఇవ్వండి. డెక్సా (డెక్సామెథసోన్) సూది వేశాం, అదీ స్టెరాయిడే కదా అనే మాట చాలాచోట్ల వినిపిస్తుంది. ప్రెడ్నిసొలోన్ బిడ్డకు చేరకుండా మాయ చాలావరకు అడ్డుకుంటుంది, డెక్సా మాత్రం బిడ్డకు చేరిపోతుంది. నెలలు నిండకముందే కాన్పు వచ్చేలా ఉంటే బిడ్డ ఊపిరితిత్తుల కోసం దాన్ని లెక్కగా ఇస్తారు. తల్లి జ్వరానికి ఇచ్చే మందు కాదది.

ఇక ఫ్లూ మందు. ఒసెల్టామివిర్ 75 మిల్లీగ్రాములు, రోజుకు రెండు, ఐదు రోజులు. మొత్తం 10 గుళికలు. గర్భంలో ఇవ్వొచ్చు. 48 గంటల్లోపు మొదలుపెడితేనే పూర్తి ఫలితం. గొంతు నమూనా పంపి, రిపోర్టు వచ్చేదాకా ఆగితే ఆ గడువు దాటిపోతుంది. అందుకే ఫ్లూ కాలంలో ఈ గర్భిణులకు జ్వరం, దగ్గు వస్తే పరీక్ష కోసం ఆగకుండా పీహెచ్‌సీ డాక్టరే మొదలుపెట్టేలా రాతపూర్వకంగా అధికారం ఇవ్వండి. కిడ్నీ పనితీరు తగ్గినవాళ్లకు డోసు తగ్గించాలి కాబట్టి 30 మిల్లీగ్రాముల గుళికలు కూడా కావాలి. మన జిల్లాలో ఈ మాట ఊరికే అనడం లేదు.

ఉద్దానం మండలాల్లో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తగ్గితే రక్తంలో పెరిగేది) పెరిగిన ప్రతి మనిషినీ ఉద్దానం కిడ్నీ జబ్బు లెక్కలో వేసేయడం అలవాటైపోయింది. ఆ జబ్బులో మూత్రంలో ప్రోటీన్ సాధారణంగా తక్కువే పోతుంది. కవిటిలోనో సోంపేటలోనో ఒక గర్భిణికి మూత్రంలో ప్రోటీన్ ఎక్కువగా పోతుంటే, ముఖ్యంగా 20 వారాల లోపే కనిపిస్తే, లూపస్ కిడ్నీకి పాకిందేమో చూడాలి. లూపస్‌ను పట్టిచ్చే ఏఎన్ఏ, సీ3, సీ4 రక్త పరీక్షలు చేయించాలి. పలాసలో కిడ్నీ ఆసుపత్రి ఉంది. ఈ గర్భిణుల రక్త నమూనాలు అక్కడికి చేరే ఏర్పాటు చేస్తే విశాఖ దాకా పరుగు తప్పుతుంది.

జ్వరానికి, ఒళ్లు నొప్పులకు డైక్లో (డైక్లోఫెనాక్) సూది వేసే అలవాటు ఆగాలి. 20 వారాలు దాటాక అది ఉమ్మనీరు తగ్గించగలదు, 30 వారాల తర్వాత బిడ్డ గుండె దగ్గరి రక్తనాళం ముందే మూసుకుపోవచ్చు, లూపస్ కిడ్నీకైతే నేరుగా దెబ్బ. పారాసెటమాల్ 650, ఆరు గంటలకోసారి, రోజుకు నాలుగుకు మించకుండా చాలు. ఛాతీ ఎక్స్‌రే అవసరమైతే గర్భిణి అని వెనకాడొద్దు. బిడ్డకు చేరే రేడియేషన్ లెక్కలోకి రానంత తక్కువ. రెండు వారాలు దాటిన దగ్గుకు టీబీ పరీక్ష తప్పనిసరి.

పల్స్ ఆక్సీమీటర్ గురించి ఒక్క మాట. గర్భిణికి ఆక్సిజన్ 95 శాతం కంటే తగ్గితే పెద్దాసుపత్రికి పంపించాల్సిందే, మామూలు మనిషికి పెట్టుకున్న గీత ఇక్కడ పనికిరాదు. లూపస్, స్క్లెరోడెర్మా (చర్మం గట్టిపడే జబ్బు) ఉన్న కొందరికి చలికి వేళ్లు తెల్లబడి రక్తం సరిగ్గా పారదు, అంకె తప్పుగా చూపిస్తుంది. చేయి వెచ్చబరిచి మళ్లీ చూడాలి, లేదా చెవి తమ్మెకు పెట్టే పరికరం వాడాలి. అంకె బాగానే ఉన్నా ఊపిరి నిమిషానికి 24 దాటితే 108ని పిలవాల్సిందే. బండిలో ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి.

వీటన్నిటికంటే ముందుది టీకా. ఫ్లూ టీకా గర్భంలో ఏ నెలలోనైనా ఇవ్వొచ్చు, 0.5 మిల్లీలీటర్లు, భుజానికి. సూదితో ఇచ్చే టీకాలో బతికున్న వైరస్ ఉండదు, ముక్కులో కొట్టేది మాత్రం ఇవ్వకూడదు. రెండు వారాల్లో రక్షణ వస్తుంది. ఆరు నెలల లోపు బిడ్డకు ఫ్లూ టీకా వేయరు కాబట్టి తల్లి నుంచి వచ్చేదే ఆ పసిగుడ్డుకు అండ. గర్భిణులకు ముందు ప్రాధాన్యం ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లోనే చెప్పింది. అయినా సార్వత్రిక టీకాల కార్యక్రమంలో ఇది లేదు, డబ్బు పెట్టి కొనుక్కోవాలి. అందరికీ ఇప్పుడే ఇవ్వలేకపోతే, ఆటోఇమ్యూన్ జబ్బున్న గర్భిణులకైనా రాష్ట్రమే కొని ఇవ్వాలి. జిల్లా మొత్తమ్మీద వాళ్లు కొద్దిమందే.

హైదరాబాదులోనో చెన్నైలోనో చూపించుకుంటున్న పిల్ల సీమంతమయ్యాక పుట్టింటికి వస్తుంది. ఫైలు అక్కడే ఉండిపోతుంది, మాత్రల పేర్లు తల్లికి తెలియవు. అందుకే ప్రతి నెలా 9న జరిగే గర్భిణుల పరీక్షల్లో వీళ్ల మాతా శిశు రక్షణ కార్డుకు ఎర్ర స్టిక్కరుతో పాటు ఒక చీటీ అంటించాలి. జబ్బు పేరు, వాడే మందులు, స్టెరాయిడ్ డోసు, జ్వరమొస్తే పెంచాల్సిన డోసు, రాత్రి కూడా ఎత్తే ఒక డాక్టరు ఫోన్ నంబరు, అన్నీ తెలుగులో ఉండాలి. వానల తర్వాత ఫ్లూ పెరుగుతుంది, మళ్లీ జనవరి నుంచి మార్చి దాకా. జూలై 9 నాటికి ఈ చీటీలు, టీకాలు, హైడ్రోకార్టిసోన్ వయల్స్ ఇచ్ఛాపురం, మందస మండలాల పీహెచ్‌సీలకు సైతం చేరేలా ఆదేశాలివ్వండి.

ఇట్లు,
శ్రీకాకుళం జిల్లాలో గర్భిణుల వైద్యంలో పనిచేస్తున్న కొందరు డాక్టర్లు, నర్సులు