కోయ డోలి గాయకుల పాటను భద్రపరచాలని వినతి

తెలంగాణ భాషా సాంస్కృతిక శాఖ సంచాలకులకు నమస్కారములు.

మణుగూరు మండలం కూనవరానికి చెందిన డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చేదాకా, కోయ గూడేలకు చిరపరిచితమైన ఆ గొంతు హైదరాబాదులో చాలామందికి తెలియదు. 2024 జూన్‌లో ఆయన కన్నుమూశారు. బొమ్మలున్న గుడ్డ పడిగెను నిలిపి, డోలి వాయిస్తూ, సమ్మక్క సారలమ్మల కథను, కోయ వంశాల గాథలను పుస్తకం చూడకుండా పాడే ఈ విద్య పెద్దల నోటి నుంచే పిల్లలకు అందుతుంది. ఏదో ఒక వేదికపై కాసేపు పాడించి శాలువా కప్పడంతో (సన్మానం వద్దని అనడం లేదు) ఇంత పెద్ద కథ నిలవదు. కనుక మిగిలిన గాయకుల పాటలను వారి గూడేల్లోనే మొదటి నుంచి చివరిదాకా రికార్డు చేయించి, ఒక ప్రతిని ఆ కుటుంబాలకు ఇప్పించి, నేర్చుకునే యువకులకు నెలనెలా భృతి మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వాసి