పక్క మంచం పెద్దమ్మకు, ఇంకా కొందరికి కృతజ్ఞతలు

నాన్నను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నాం. పక్షవాతం వచ్చిన కుడి చెయ్యి, కాలు ఇంకా స్వాధీనంలోకి రాలేదు, మాట ముక్కముక్కలుగా వస్తోంది. అందరికీ విడివిడిగా ఫోన్ చేసి చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. మా ఆవిడ, తమ్ముడు, అక్కాబావలు రాత్రులు పంచుకున్నారు. వాళ్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

చెప్పాల్సింది వార్డులో పక్క మంచం పెద్దమ్మ గురించి. భర్తను ఏళ్లుగా చూసుకుంటున్న మనిషి. పేరు రాయొద్దంది.

మంచం మీంచి వీల్‌చెయిర్‌లోకి మార్చడం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాం. కుర్చీని బాగున్న వైపు, అంటే నాన్నకి ఎడమ పక్కన, మంచానికి కాస్త ఏటవాలుగా ఆనించి పెట్టాలి. రెండు బ్రేకులూ వెయ్యాలి, కాళ్లు పెట్టే పలకలు పైకి మడవాలి. మనిషిని మంచం అంచుకి జరిపి, పాదాలు నేలకి పూర్తిగా ఆనాక, మడమలు మోకాళ్లకంటే కొంచెం వెనక్కి ఉండేలా చూడాలి. నడుముకి వెడల్పాటి బెల్టు కట్టి అక్కడే పట్టుకోవాలి. చంకల కింద చేతులు పెట్టి లేపకూడదు, పడిపోయిన చెయ్యి పట్టుకుని అసలే లాగకూడదు. కండరాల పట్టు తప్పిన భుజం కీలు జారుతుంది, ఆ నొప్పి నెలల తరబడి వదలదు. మన మోకాలు ఆయన బలహీనమైన మోకాలికి అడ్డం పెట్టి, తల బాగా ముందుకి వంచమని, మూడు లెక్కపెట్టి లేపాలి. తల ముందుకి వస్తే బరువు దానంతటదే లేస్తుంది. వెనక్కి వాలితే మొత్తం మన నడుం మీదే.

చొక్కా వేసేటప్పుడు ముందు పడిపోయిన చెయ్యి, విప్పేటప్పుడు ముందు బాగున్న చెయ్యి. ఇంత చిన్న సంగతి తెలియక పొద్దున్నే ఇంట్లో ఎంత యుద్ధం జరుగుతుందో పడినవాళ్లకే తెలుసు.

పడక పుండ్ల విషయంలో ఆవిడ చండశాసనురాలు. రెండు గంటలకోసారి ఒత్తిగిలించాలి. పూర్తిగా పక్కకి తిప్పితే తుంటి ఎముక మీద బరువు పడుతుంది కాబట్టి, వీపు వెనక దిండు పెట్టి సుమారు 30 డిగ్రీలే వాల్చాలి. మోకాళ్ల మధ్య ఒక దిండు, మడమలు పరుపుకి తగలకుండా పిక్కల కింద ఇంకొకటి. పైకి జరపాలంటే ఈడ్వకూడదు. భుజాల నుంచి తుంటి దాకా పరిచిన దుప్పటిని ఇద్దరూ చెరో వైపు పట్టి ఎత్తి జరపాలి. నల్లటి చర్మం మీద ఎరుపు కనపడకపోవచ్చు, అందుకే చేత్తో తడిమి వేడిగానో గట్టిగానో ఉందేమో చూడమంది. అలా ఉన్నచోట మర్దన చేయకూడదు. మధ్యలో చిల్లు ఉండే గాలి రింగులు ఆవిడకి గిట్టవు, చుట్టూ రక్తం ఆడనివ్వవట. గాలి పరుపు ఉన్నా తిప్పడం తప్పదు.

తినిపించేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టాలి, తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. ముద్ద బాగున్న బుగ్గలో పెట్టాలి, రెండో బుగ్గలో మెతుకులు ఇరుక్కున్నాయేమో చూడాలి. మింగాక గొంతు తడిగా గరగరలాడితే ఆపేసి డాక్టర్‌కి చెప్పాలి. పలచటి నీళ్లే అన్నిటికంటే ప్రమాదం.

వచ్చినవాళ్లందరూ నాన్నకెలా ఉందని అడిగారు. ఆవిడ ఒక్కతే నా నడుం మీద బొటనవేలు నొక్కి, "ఇక్కడ మొదలైందా బాబూ?" అంది. ఏడుపు ఆగలేదు. తర్వాత కూర్చోబెట్టి ఒక కాగితం రాయించింది. ఏ రోజు ఎవరొచ్చి కూర్చుంటారు, ఆ గంట నేను ఎక్కడికి పోతాను అని. "అవసరమైతే చెప్పు" అన్నవాళ్లకి అక్కడికక్కడే "మంగళవారం సాయంత్రం రండి" అని చెప్పాలట. రాత్రి రెండేసి గంటల ముక్కలయ్యాక ఆ ఒక్క గంటే మనిషిని నిలబెడుతుందని ఆవిడ లెక్క. నిజమే.

ఇవన్నీ నేర్పాల్సింది ఆవిడా? డిశ్చార్జ్ కాగితంలో మందులు పేజీ నిండా ఉన్నాయి, మనిషిని ఎలా లేపాలో ఒక్క వాక్యం లేదు. వైకల్య ధ్రువపత్రానికి లేవలేని మనిషే స్వయంగా ఆఫీసుకి రావాలన్నారు. ఆ ఆఫీసుకి ఉన్న ర్యాంపేమో కుర్చీ వెనక్కి దొర్లేంత నిటారు. ఒక అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు ఉండాలని కట్టినవాళ్లకి ఎవరూ చెప్పలేదు కాబోలు.

అయ్యో, ఫిజియో అమ్మాయిని మర్చిపోయాను, డ్యూటీ అయిపోయాక కూడా ఉండి మా ఆవిడకి బెల్టు పట్టు మళ్లీ చూపించింది. అంబులెన్స్ డ్రైవర్‌కి, బాత్రూమ్ గోడకి కడ్డీ బిగించిన మేస్త్రీకి కూడా. టవల్ కడ్డీ మనిషి బరువు ఆపదని చెప్పి, పలకల మీద కాక లోపలి ఇటుకలోకి బోల్టులు దింపింది ఆయనే. ఇంకా, గాలి పరుపు పంపు మోత రాత్రంతా భరిస్తున్న కింది ఇంటివాళ్లకి. కమోడ్ కుర్చీ ఇచ్చిన మాస్టారూ, దాని కాళ్లకి రబ్బరు తొడుగులు అరిగాయి, కొత్తవి వేయించి తిరిగిస్తాను.