ఆ గడ్డికప్పు కింద ఊరి చరిత్ర ఉంది

సంపాదకుల వారికి నమస్కారాలు.

ఇంగ్లండులో పబ్బులు మూతపడుతున్నాయన్న వార్త చదివి, తాగుడు కొట్లు పోతే పోనిమ్మని ఒక పాఠకుడు రాసిన లేఖ చూశాను. నేనూ మద్యం ముట్టను. అయినా కొన్నేళ్లుగా బర్మింగ్‌హామ్‌లో ఉంటున్నవాణ్ణి కనుక, అక్కడి పాత పబ్బును మన సారా కొట్టుతో జమకట్టడం సరికాదని చెప్పదలచుకున్నాను.

షేక్‌స్పియర్ పుట్టిన ఊరు స్ట్రాట్‌ఫర్డ్-అపాన్-ఏవన్‌లో ఓల్డ్ థాచ్ టావెర్న్ అనే గడ్డికప్పు పబ్బు ఉంది. 1470 నాటిదని చెప్పుకునే ఈ కట్టడం, పూర్వం పశువుల సంత జరిగిన రోదర్ వీధి దగ్గరే ఉంది. 'రోదర్' అన్న పాత ఇంగ్లీషు మాటకు అర్థమే పశువులు. సంతకు ఎడ్లను తోలుకొచ్చిన రైతుకు ఇలాంటి చోటే కల్లుపాక, పూటకూళ్లిల్లు, బేరాలు తెగే రచ్చబండ. అమ్మే ఏల్ (ఒక రకం బీరు) నాణ్యతను, రొట్టె తూకాన్ని తనిఖీ చేయడానికి ఊరే ఒక మనిషిని నియమించుకునేది. 1556లో ఆ బాధ్యత దక్కింది షేక్‌స్పియర్ తండ్రి జాన్‌కు.

ఆ చూరు కింద చాలాసేపు నిలబడ్డాను. జానెడుకు మించిన మందాన గడ్డి పేర్చి, అంచు ఎక్కడా చెదరకుండా కోసిన తీరు చూస్తే మా ఊళ్లో పాకలు కప్పే పనివాళ్లు గుర్తుకొచ్చారు. వేసవిలో ఒక్క నిప్పురవ్వకు వాడంతా బుగ్గికావడం చిన్నప్పుడు చూసినవాణ్ణి కాబట్టి, అలాంటి కప్పు ఇన్నాళ్లు నిలవడం ఎంత అరుదో నాకు తెలుసు. ఆ ఊరు 1594, 1595లలో వరుసగా రెండుసార్లు తగలబడింది. 1614లో మరో 54 ఇళ్లు కాలిపోయాక గడ్డికప్పులపై ఆంక్షలు వచ్చాయి. ఇప్పుడు ఊరి నడిబొడ్డున గడ్డికప్పుతో మిగిలింది ఇదొక్కటేనంటారు.

ఇటువంటివి ఎంత తేలిగ్గా పోతాయో 2023 ఆగస్టులో మా ప్రాంతం వాళ్లం కళ్లారా చూశాం. 18వ శతాబ్దపు కట్టడమైన క్రూకెడ్ హౌస్ పబ్బులో 5వ తేదీ రాత్రి మంటలు లేచాయి, మిగిలిన గోడలను రెండు రోజుల్లోనే కూల్చేశారు. అనుమతి లేనిదే పబ్బును కూల్చరాదన్న నిబంధన 2017 నుంచీ ఉంది. తిరిగి కట్టాలని స్థానిక మండలి 2024 ఫిబ్రవరిలో నోటీసు ఇచ్చేనాటికి అక్కడ శిథిలాలే మిగిలాయి.

2011 నాటి చట్టం ప్రకారం ఇంగ్లండులో స్థానికులు తమ పబ్బును సామాజిక ఆస్తిగా నమోదు చేయమని మండలిని కోరవచ్చు. అలా నమోదైతే, యజమాని అమ్మకానికి పెట్టినప్పుడు కొనుగోలుకు ముందుకు రావడానికి వారికి ఆరు నెలల వ్యవధి దొరుకుతుంది. ఆ దరఖాస్తుతో ఇరుగుపొరుగువారు తలుపు తట్టినప్పుడు, మనకెందుకులే అనుకోకుండా ఇక్కడి తెలుగు కుటుంబాలు కూడా సంతకం చేయాలని మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను.

— ఒక పాఠకుడు, బర్మింగ్‌హామ్